ఇంటి వేడుకల వీడియోలు మనమే ఎడిట్ చేసుకోవడం: షాట్‌కట్‌తో మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గృహప్రవేశం, అన్నప్రాసన, సీమంతం, పుట్టినరోజు లాంటి వేడుకలను ఇంట్లోవాళ్లే ఫోన్లలో తీస్తుంటారు. ఆ బిట్లన్నీ కలిపి చూడదగ్గ వీడియో చేయాలనుకునేవారి కోసం రాసిన పేజీ ఇది. మెనూల పేర్లు తెర మీద కనిపించే ఇంగ్లిష్ పేర్లే. వెతుక్కోవడం తేలికవుతుందని వాటినే తెలుగు లిపిలో ఇచ్చాం.

ఎడిటింగ్ అసలు రాదు. ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

విండోస్ కంప్యూటర్ ఉంటే షాట్‌కట్. ఇది పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. వీడియో మీద వాటర్‌మార్క్ వేయదు, నిమిషాల లెక్కన పరిమితి పెట్టదు, లాగిన్ అడగదు. మ్యాక్, లినక్స్‌లలోనూ నడుస్తుంది. షాట్‌కట్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి. అదే పేరు పెట్టుకుని వేరే ఇన్‌స్టాలర్లు అంటగట్టే సైట్లు ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

చాలామంది ఇప్పటికీ విండోస్ మూవీ మేకర్ అడుగుతున్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2017 జనవరిలోనే ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో నెట్‌లో దొరికేవాటిని నమ్మొద్దు. విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్ ఐదు నిమిషాల వీడియోకు బాగానే పనికొస్తుంది. మ్యాక్ ఉన్నవాళ్లకు ఐమూవీ ఎలాగూ ఉంది. డావిన్చీ రిజాల్వ్ వీటన్నిటికంటే చాలా పెద్ద సాఫ్ట్‌వేర్. రంగులు దిద్దడంలో దానికి సాటి లేదు. అయితే 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ మీద దాన్ని వేస్తే నేర్చుకునే ఓపిక మొదటి రోజే పోతుంది.

నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంది. సరిపోతుందా?

1080పీ (ఫుల్ హెచ్‌డీ) వీడియోకు సరిపోతుంది. దానికంటే నాలుగింతలు వివరం ఉండే 4కె చేయాలంటే 16 జీబీ, కనీసం నాలుగు కోర్ల ప్రాసెసర్ కావాలి. విండోస్ 10 లేదా ఆపైది, 64 బిట్ అయి ఉండాలి.

ర్యామ్ కంటే ముందు డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. ఉదాహరణకు ఐఫోన్‌లో 1080పీ, సెకనుకు 30 ఫ్రేములతో (బొమ్మలతో) తీస్తే నిమిషానికి సుమారు 60 ఎంబీ, 4కె 30 ఫ్రేములైతే సుమారు 170 ఎంబీ అవుతుంది. రెండు గంటల 4కె ఫుటేజ్ అంటే 20 జీబీ దాటినట్టే. దాని మీద ఎడిటింగ్ కోసం చేసుకునే కాపీలు, చివరి వీడియో కూడా ఉంటాయి. అసలు ఫుటేజ్ ఎంత ఉందో దానికి మూడింతల ఖాళీ ఉంచుకుంటే మధ్యలో ఇబ్బంది రాదు.

అన్నయ్య ఫోన్లో కొంత, పిన్ని ఫోన్లో కొంత తీశారు. వాట్సాప్‌లో పంపించమంటే చాలదా?

చాలదు. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోను బాగా కుదించేస్తుంది. ఒకసారి పోయిన స్పష్టతను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. వాట్సాప్‌లోనే పంపాలంటే గ్యాలరీ నుంచి కాకుండా 'డాక్యుమెంట్' అనే దారిలో పంపమనండి. అలా అయితే 2 జీబీ దాకా ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. అంతకంటే మేలు యూఎస్‌బీ కేబుల్ పెట్టి నేరుగా కాపీ చేసుకోవడం, లేదా గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించమనడం. చుట్టాలు ఊళ్లకు వెళ్లిపోకముందే, వేడుక రోజు సాయంత్రమే ఈ పని పూర్తి చేయండి. వారం తర్వాత అడిగితే 'ఫోన్ నిండిపోయిందని డిలీట్ చేశా' అనే మాట వినాల్సి రావచ్చు.

ఫైళ్లు ఎక్కడ పెట్టుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. షాట్‌కట్ మీ వీడియోలను తనలో దాచుకోదు. డాట్ ఎంఎల్‌టీ అనే ప్రాజెక్ట్ ఫైల్‌లో ఏ ఫైల్ ఎక్కడ ఉందో, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వాడారో మాత్రమే రాసుకుంటుంది. అందుకే అది చాలా చిన్న ఫైల్. ఫుటేజ్‌ను వేరే చోటికి జరిపినా, పేరు మార్చినా, పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి ఆ తర్వాత పెన్‌డ్రైవ్ పీకేసినా క్లిప్పులు కనిపించకుండా పోతాయి.

మొదలుపెట్టేముందు 'గృహప్రవేశం' పేరుతో ఒక ఫోల్డర్ చేసి, అందులో వీడియోలకు, ఫోటోలకు, పాటలకు వేర్వేరు ఫోల్డర్లు పెట్టండి. ఏ ఫోన్‌లోది ఆ ఫోన్ పేరున్న ఫోల్డర్‌లో వేయండి. ప్రాజెక్ట్ ఫైల్ కూడా ఆ పెద్ద ఫోల్డర్‌లోనే సేవ్ చేయండి. అప్పుడు ఫోల్డర్ మొత్తాన్ని వేరే కంప్యూటర్‌కు మోసుకెళ్లినా అన్నీ తెరుచుకుంటాయి.

ఇప్పటికే 'మిస్సింగ్ ఫైల్స్' అనే పెట్టె వస్తోందా? కంగారు పడకండి, చేసిన పని ఎక్కడికీ పోలేదు. ఆ పెట్టెలో ఎర్ర గుర్తున్న ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి, అది ఇప్పుడున్న చోటు చూపించండి. అదే ఫోల్డర్‌లో మిగతావి కూడా ఉంటే వాటిని తనే వెతుక్కుంటుంది.

'వీడియో మోడ్' ఏది ఎంచుకోవాలి?

దాన్ని 'ఆటోమేటిక్' మీద వదిలేస్తే, మీరు మొదట వేసిన క్లిప్పు కొలతలే ప్రాజెక్ట్ మొత్తానికి వస్తాయి. మొదట వేసింది పిన్ని ఫోన్‌లో నిలువుగా తీసిన బిట్ అయితే ప్రాజెక్టంతా నిలువుగా తయారవుతుంది. అందుకే ముందే మీరే ఎంచుకోండి: సెట్టింగ్స్, వీడియో మోడ్, 'హెచ్‌డీ 1080పీ 30 ఎఫ్‌పీఎస్'. ఎక్కువ క్లిప్పులు 25 ఫ్రేములవైతే 25 పెట్టండి. మోడ్‌ను సగంలో మార్చొద్దు. ముఖ్యంగా ఫ్రేముల సంఖ్య మారిస్తే కట్ చేసిన చోట్లు అటూఇటూ జరుగుతాయి.

తెరవగానే ఏమీ అర్థం కాలేదు. ఎక్కడ ఏముంది?

పైన బటన్ల వరుసలో ప్లేలిస్ట్, టైమ్‌లైన్, ప్రాపర్టీస్, ఫిల్టర్స్, ఎక్స్‌పోర్ట్, జాబ్స్ ఉంటాయి. రోజూ చేతికి తగిలేవి ఈ ఆరే. ప్లేలిస్ట్ అంటే మీ సామాను గది, ఫైళ్లన్నీ లాక్కొచ్చి అందులో వేయండి. టైమ్‌లైన్ కింద పరుచుకుంటుంది, అసలు కూర్పు జరిగేది అక్కడ. మధ్యలో వీడియో ఆడే తెర కింద 'సోర్స్', 'ప్రాజెక్ట్' అని రెండు ట్యాబులున్నాయి. సోర్స్‌లో మీరు తెరిచిన ఒక్క క్లిప్పు, ప్రాజెక్ట్‌లో మొత్తం కూర్పు కనిపిస్తాయి. కొత్తవాళ్ల తికమకల్లో చాలావాటికి కారణం ఈ రెండిట్లో ఏది చూస్తున్నామో గమనించకపోవడమే.

కట్ చేయడం ఎలా?

ప్లేలిస్ట్‌లోని క్లిప్పును డబుల్ క్లిక్ చేసి తెరవండి. స్పేస్ నొక్కితే ఆడుతుంది, ఆగుతుంది. కావలసిన చోటు మొదలవగానే 'ఐ', అయిపోయే చోట 'ఓ' నొక్కండి. ఆ తర్వాత 'ఏ' నొక్కితే ఆ ముక్క టైమ్‌లైన్ చివర చేరుతుంది. తర్వాతి క్లిప్పుకు మళ్లీ ఇదే.

టైమ్‌లైన్ మీదికి వచ్చాక వాడేవి మూడు. 'ఎస్' నొక్కితే, వీడియో ఎక్కడ ఆగి ఉందో చూపే నిలువు గీత ఉన్న చోట క్లిప్పు రెండు ముక్కలవుతుంది. ఎంచుకున్న ముక్కను 'ఎక్స్' తీసేసి ఖాళీని మూసేస్తుంది. 'జెడ్' కూడా తీసేస్తుంది గానీ ఖాళీని అలాగే ఉంచుతుంది. తప్పు జరిగితే కంట్రోల్ జెడ్. కంట్రోల్ ఎస్‌ను మాత్రం పది నిమిషాలకోసారి అలవాటుగా నొక్కుతూ ఉండండి.

ఒక క్లిప్పును పక్క క్లిప్పు మీదికి కొద్దిగా జరిపితే ఒకటి కరిగి మరొకటి వచ్చే ట్రాన్సిషన్ తనే తయారవుతుంది. ఒక్క సెకను చాలు. గుండె ఆకారాలు, పేజీలు తిప్పడాలు లాంటి ఎఫెక్టులు ఎంత తక్కువ వాడితే వీడియో అంత బాగుంటుంది. ఇంటి వీడియోలో చూడాల్సింది మనుషుల ముఖాలు.

గంటన్నర ఫుటేజ్ ఉంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ఇంటి వీడియోకు 10 నుంచి 20 నిమిషాలు మంచి నిడివి. తీసేయడానికి చాలామందికి మనసొప్పదు. అసలు ఫుటేజ్ ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటుంది కాబట్టి ఎడిట్‌లో ధైర్యంగా కోయండి.

గృహప్రవేశంలో పాలు పొంగించే బిట్ తీసుకుందాం. నాలుగు నిమిషాలకు పైగా తీసి ఉంటారు. అందులో మూడున్నర నిమిషాలు గిన్నెలో ఏమీ జరగదు, కెమెరా ఊగుతూ ఉంటుంది, వెనక ఎవరో 'అగ్గిపెట్టె ఏదీ' అంటుంటారు. ఉంచాల్సినవి ఇవి: పసుపు కుంకుమ బొట్లు పెట్టిన గిన్నెను పొయ్యి మీద పెట్టడం 3 సెకన్లు, అంచున మొదటి నురగ 2 సెకన్లు, పొంగి పొర్లడం 5 సెకన్లు, ఇల్లాలి ముఖం 2 సెకన్లు. మొత్తం 12 సెకన్లు.

ఇందులో మెలకువంతా పొంగు దగ్గర కట్ పెట్టడంలో ఉంది. పాలు పొర్లాక కట్ చేసి చూపిస్తే ఆ ఎదురుచూపు పోతుంది. నురగ అంచు దాటడానికి ఒక సెకను ముందే ముక్క మొదలవ్వాలి. 'పొంగింది పొంగింది' అనే ఆడవాళ్ల కేక పూర్తిగా వినపడనివ్వండి, మాట సగంలో తెగితే చెవికి గుచ్చుకుంటుంది. ఆ కేక చివరి అర సెకను ఇల్లాలి ముఖం మీదికి కూడా కొనసాగితే రెండు ముక్కలు అతికినట్టు ఉంటాయి. అందుకు పొంగు క్లిప్పు మీద కుడి క్లిక్ చేసి, 'మోర్'లో 'డిటాచ్ ఆడియో' నొక్కండి. శబ్దం విడిగా కింది ట్రాక్‌లోకి (టైమ్‌లైన్‌లోని వరుసలోకి) వస్తుంది. దాని చివరను మౌస్‌తో పట్టుకుని అర సెకను పొడిగించి, శబ్దం మెల్లగా తగ్గిపోయేలా ఫేడ్ ఔట్ ఇవ్వండి.

ఒక హెచ్చరిక. ఆడియో విడదీశాక వీడియో ట్రాక్‌లో ముందెక్కడో 'ఎక్స్'తో ముక్క తీస్తే ఆ ట్రాక్ ఒక్కటే వెనక్కి జరుగుతుంది. ఆడియో ఉన్నచోటే ఉండిపోతుంది. అక్కడి నుంచి మాటా మనిషీ కలవరు. ముందు మొత్తం కూర్పు పూర్తి చేసి, ఆడియో విడదీసే పనులు చివర పెట్టుకోండి. లేదా టైమ్‌లైన్ పైనున్న 'రిపుల్ ఆల్ ట్రాక్స్' వేసి ఉంచండి, అప్పుడు అన్ని ట్రాక్‌లూ కలిసే జరుగుతాయి.

పెదవులు ఒకప్పుడు కదులుతున్నాయి, మాట ఇంకొకప్పుడు వినిపిస్తోంది. ఎందుకు?

తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా అన్నది ముందు చూడండి.

ఒకేలా ఉంటే విడదీసిన ఆడియో జరిగిందన్నమాట. వెనక్కో ముందుకో లాగితే సరిపోతుంది. పెరుగుతూ పోతే ఆ వీడియో ఫ్రేముల వేగం నిలకడగా లేదు. ఫోన్లు వెలుగును బట్టి, వేడిని బట్టి సెకనుకు 30 అనుకున్నవాటిని 28, 29 చేస్తుంటాయి. చిన్న బిట్‌లో ఇది తెలియదు. సత్యనారాయణ వ్రతం కథ అరగంట ఆపకుండా తీస్తే చివరికి బాగా కనిపిస్తుంది. ఇలాంటి ఫైల్ తెరిచినప్పుడు షాట్‌కట్ తనే గుర్తించి, మార్చమంటారా అని అడుగుతుంది. అడ్డమని ఆ పెట్టెను మూసేయకండి. 'గుడ్' అన్నది ఎంచుకుని ఓకే నొక్కండి, ఇంటి వీడియోకు అది చాలు. 'బెస్ట్' ఎంచుకుంటే ఫైల్ ఎన్నో రెట్లు పెరుగుతుంది, ప్రయోజనం మాత్రం కంటికి కనిపించదు. అప్పటికే టైమ్‌లైన్‌లో వాడేసిన క్లిప్పు అయితే ప్రాపర్టీస్‌లో 'కన్వర్ట్' నొక్కండి.

టైమ్‌లైన్ ఆగి ఆగి ఆడుతోంది.

సెట్టింగ్స్‌లో 'ప్రివ్యూ స్కేలింగ్'ను 360పీ చేయండి. అది చాలకపోతే సెట్టింగ్స్‌లోనే 'ప్రాక్సీ', 'యూజ్ ప్రాక్సీ' వేయండి. మీరు తెరిచే ఒక్కో ఫైల్‌కు చిన్న నకలు తయారు చేసి, ఎడిటింగ్‌లో దాన్ని ఆడిస్తుంది. జాబ్స్‌లో అవి పూర్తయ్యేదాకా ఆగండి. ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది కాబట్టి స్పష్టత తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. కొత్త ఫోన్లు వాడే హెచ్ఈవీసీ (వీడియోను ఎక్కువగా కుదించే పద్ధతి) ఫైళ్లు పరిమాణంలో చిన్నవే గానీ విప్పడానికి ప్రాసెసర్‌కు ఎక్కువ పని పడుతుంది. నెమ్మదికి ముఖ్య కారణం అదే.

నిలువుగా తీసిన వీడియోకు రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తున్నాయి.

క్లిప్పును ఎంచుకుని ఫిల్టర్స్‌లో 'బ్లర్: ప్యాడ్' వేయండి. అదే దృశ్యం మసకగా పక్కల్లో నిండుతుంది. జూమ్ చేసి తెర నింపాలని చూస్తే తలలు తెగుతాయి. వీడియో మొత్తం ఫోన్లలో చూడడానికే, స్టేటస్‌లకే అయితే ప్రాజెక్టునే నిలువు మోడ్‌లో మొదలుపెట్టండి.

తెలుగులో టైటిల్ వేస్తే అక్షరాలు చెదిరిపోతున్నాయి.

ఎక్కువగా ఇది అను ఫాంట్ల వల్ల. డీటీపీ సెంటర్‌లో శుభలేఖ కొట్టించి, అందులోని పాఠాన్ని కాపీ చేసి తెస్తారు. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని చోట అవి పిచ్చి గుర్తులుగానే కనిపిస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసుకోవడమే మార్గం. విండోస్‌లో భాషల సెట్టింగ్‌లో తెలుగు కలిపి, ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టుకుంటే విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కి మారవచ్చు. లేదా ఫోన్‌లో టైప్ చేసి మీకే మెయిల్ పంపుకోండి.

ఆ తర్వాత ఫిల్టర్స్‌లో 'టెక్స్ట్: సింపుల్' వేసి, ఫాంట్ మార్చండి. విండోస్‌లో గౌతమి, నిర్మలా యూఐ ఉంటాయి. టైటిళ్లకు గూగుల్ ఫాంట్స్ నుంచి రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, సురన్న ఉచితంగా దించుకోవచ్చు. దూరం నుంచి టీవీలో చదవాలంటే రామభద్ర లాంటి లావు అక్షరాలు మేలు. ఫాంట్ ఇన్‌స్టాల్ చేశాక షాట్‌కట్ మూసి తెరిస్తేనే జాబితాలో కనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు 'శ్రీ', 'స్త్రీ', 'కృష్ణ' లాంటి ఒత్తులున్న మాటలు ఒకసారి చూసుకోండి. ఒత్తు విడిపోతే ఆ ఫాంట్ వదిలేయండి.

సన్నాయి మేళం మోగుతుంటే మాటలు వినపడటం లేదు. వెనక పాట ఎంత పెట్టాలి?

ఒకే మైకులో కలిసిపోయిన మేళాన్ని, మాటలను ఇంటి సాఫ్ట్‌వేర్‌తో శుభ్రంగా విడదీయలేం. మేళం ఉన్నచోట మేళాన్నే విననివ్వండి, అది పండగ చప్పుడు. మాటలున్న బిట్లకు మేళం లేనివి ఎంచుకోండి. మరో మంచి పద్ధతి ఉంది. బాగా రికార్డైన మేళం ఒక నిమిషం పాటు ఆడియో ట్రాక్‌లో ఆగకుండా నడిపి, పైన బొమ్మలు మార్చుకుంటూ పోండి. బొమ్మ మారినప్పుడల్లా శబ్దం మారకపోవడంతో వీడియో ఒక్కసారిగా నిండుగా అనిపిస్తుంది.

మాటల వెనక పాట పెడితే 'గెయిన్' ఫిల్టర్‌తో 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించండి. ఆడియో మీటర్‌లో మాటలు మైనస్ 12, మైనస్ 6 మధ్య ఆడాలి. సున్నా తాకితే శబ్దం పగులుతుంది. ల్యాప్‌టాప్ స్పీకర్‌ను నమ్మకుండా ఇయర్‌ఫోన్స్‌లో వినండి.

సినిమా పాట వాడి యూట్యూబ్‌లో పెట్టవచ్చా?

పాట హక్కులు ఆడియో కంపెనీవి. హక్కులున్న పాటలను పసిగట్టే యూట్యూబ్ వ్యవస్థ 'కంటెంట్ ఐడీ' కొన్ని సెకన్ల పాటను కూడా గుర్తుపట్టగలదు. పది సెకన్ల లోపైతే ఫర్వాలేదన్న నియమం ఏదీ లేదు. 'అన్‌లిస్టెడ్'గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టినా హక్కుల క్లెయిమ్ రావచ్చు. అప్పుడు ప్రకటనలు పడటం, ఆ భాగం మూగబోవడం, వీడియో ఆగిపోవడం, ఏదైనా జరగవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది, లేదా ఇంట్లో ఎవరైనా పాడిన పెళ్లిపాటో మంగళహారతో వాడండి. అంతకంటే బాగా అతికే సంగీతం ఉండదు.

ఐఫోన్ క్లిప్పులు వెలిసిపోయినట్టున్నాయి. గదిలో తీసినవి మినుకుమినుకుమంటున్నాయి.

మొదటిది హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాలను ఎక్కువగా పట్టే రికార్డింగ్ పద్ధతి) వల్ల. ఐఫోన్ 12 నుంచి వీడియో హెచ్‌డీఆర్‌లోనే రికార్డవుతుంది. ఇకముందు తీసేటప్పుడు సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలో 'హెచ్‌డీఆర్ వీడియో' ఆపేయండి. తీసేసినవాటికి ప్రాపర్టీస్ నుంచి 'కన్వర్ట్' నొక్కి, మామూలు రంగుల పద్ధతి 'బీటీ.709'కు మార్చమనే గడిలో టిక్ పెట్టండి.

రెండోది కరెంటు వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే కొన్ని ఎల్ఈడీ, ట్యూబ్ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోన్ 30 ఫ్రేములతో తీస్తే రెంటికీ లెక్క కుదరదు. 25 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/50 సెకను పెట్టి తీస్తే చాలావరకు పోతుంది. తీసేశాక ఎడిటింగ్‌లో దీన్ని సరిచేయడం కష్టం.

అమ్మానాన్నల పెళ్లి డీవీడీని కూడా ఇందులో కలపవచ్చా?

తప్పకుండా. అసలు ఆ డీవీడీలను వెంటనే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకోండి, డిస్కులు గీతలు పడి, పొర పాడై చదవడం మానేస్తున్నాయి. డీవీడీలోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌లో సుమారు 1 జీబీ చొప్పున వీఓబీ అనే వీడియో ఫైళ్లుంటాయి. చివర 1 అంకెతో ఉన్న దాని నుంచి వరుసగా అసలు వీడియో. సున్నాతో ఉన్నది మెనూ. మేక్ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో వీటిని ఒకే ఫైల్‌గా చేసుకోవచ్చు, నాణ్యత తగ్గదు.

బొమ్మ 720 బై 576 పిక్సెళ్లు ఉంటుంది. మనుషులు లావుగా సాగినట్టు కనిపిస్తే ప్రాపర్టీస్‌లో ఆస్పెక్ట్ రేషియో 4:3 చేయండి. కదిలేచోట దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే అక్కడే స్కాన్ మోడ్ 'ఇంటర్‌లేస్డ్' అని ఉందో లేదో చూడండి, లేకపోతే దాన్ని ఎంచుకోండి.

ఎక్స్‌పోర్ట్ ఎలా? ఏ సెట్టింగ్ పెట్టాలి?

ఎక్స్‌పోర్ట్‌లో 'ఫ్రమ్' దగ్గర 'టైమ్‌లైన్' ఉందో లేదో ముందు చూడండి. సోర్స్ ఉంటే ఒక్క క్లిప్పే బయటికి వస్తుంది. జాబితాలో 'యూట్యూబ్' ప్రీసెట్ ఎంచుకోండి, హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియోతో ఎంపీ4 వస్తుంది. ఇది టీవీకి, ఫోన్‌కు, యూట్యూబ్‌కు అన్నిటికీ పనికొస్తుంది. పని ఎంతవరకు అయిందో జాబ్స్‌లో కనిపిస్తుంది. గంట వీడియోకు పాత ల్యాప్‌టాప్ మీద గంట పైనే పట్టవచ్చు. ఛార్జర్ పెట్టి, స్లీప్ ఆపేసి వదిలేయండి.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావడం లేదు, చోటు ఖాళీగానే ఉంది కదా?

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే కాపీ అవుతుంది గానీ పాత టీవీలు దాన్ని చదవవు. అలాంటప్పుడు ఫైల్‌నే తగ్గించాలి. లెక్క ఇది: ఎంబీపీఎస్‌ను (సెకనుకు ఎన్ని మెగాబిట్లో ఆ అంకెను) సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఎంబీలు వస్తాయి. 1080పీకి 8 ఎంబీపీఎస్ చాలు. గంటకు 3,600 సెకన్లు కాబట్టి 3,600 ఎంబీ, ఆడియో కలిపినా 4 జీబీలోపే. ఎక్స్‌పోర్ట్‌లో 'అడ్వాన్స్‌డ్', 'కోడెక్'లో రేట్ కంట్రోల్‌ను 'యావరేజ్ బిట్‌రేట్' చేసి 8ఎం అని ఇవ్వండి.

ఫార్మాట్ చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే కాపీ తీసుకోండి.

వీడియో అయిపోయాక అసలు ఫుటేజ్ డిలీట్ చేయవచ్చా?

ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియోను టీవీలో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసేవరకు ఏదీ తీయకండి. ఆ తర్వాత ప్రాక్సీలు, 'కన్వర్ట్' చేసినప్పుడు వచ్చిన కాపీలు తీసేసినా, అసలు ఫైళ్లు, ప్రాజెక్ట్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను అలాగే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి మార్చండి. అయితే టైమ్‌లైన్‌లో కన్వర్ట్ చేసిన కాపీనే వాడి ఉంటే దాన్ని కూడా ఉంచాలి, లేకపోతే ప్రాజెక్ట్‌లో ఆ క్లిప్పులు కనిపించవు. ఇదే ఫోల్డర్‌కు మరో నకలు వేరే ఇంట్లో, తమ్ముడి దగ్గరో అక్క దగ్గరో ఉంచండి.